లద్దాఖా? స్పితియా?

ఈ సంవత్సరం మన కళాశాల విజ్ఞాన విహారయాత్ర విషయమై విద్యార్థులలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. ఒక పక్షం వారు లద్దాఖ్ అంటున్నారు. రెండవ పక్షం వారు హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయ అంటున్నారు. మా విద్యార్థి దశలో విహారయాత్ర అంటే నాగార్జునసాగర్. మరీ సాహసించిన సంవత్సరం మైసూరు. నేటి విద్యార్థుల చూపు హిమాలయాలను సైతం దాటి ఆవలి ఎడారుల మీద పడినందుకు సంతోషించవలసిందే. అయితే ఏదో ఒకటి తేల్చి, కార్యక్రమ పత్రం మీద సంతకం చేసి పంపవలసిందిగా ప్రిన్సిపాల్ గారు నన్ను ఆదేశించారు.

తెలుగు పాఠాలు చెప్పుకునే వాడికి ఈ తీర్పరితనమేమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ రెండు ప్రదేశాలకూ వెళ్లివచ్చిన అధ్యాపకుణ్ణి ప్రస్తుతం నేనొక్కడినే కావడం ఒక కారణం. రెండవ కారణం ఒకటున్నది. అది చెప్పుకోవడానికి ఇంపైనది కాదు. అయినా కాస్త ముందుకు పోయిన తరువాత చెప్పక తప్పదు.

ముందుగా ఈ రెండు సీమల స్వభావం తెలియాలి. నైరుతి ఋతుపవనం మోసుకువచ్చే మేఘాలు హిమాలయాల దక్షిణపు వాలు మీదనే తమ బరువు దింపుకుంటాయి. ఆవలి వైపుకు చేరేసరికి వాటి చేతులు ఖాళీ. లేహ్ పట్టణంలో ఏడాది మొత్తం మీద పడే వర్షం, మంచు కలిపినా సుమారు పది సెంటీమీటర్లు. కరువుకు మారుపేరుగా మనం చెప్పుకునే అనంతపురంలో యాభై సెంటీమీటర్లకు పైగా కురుస్తుంది. కనుక వాటిని ఎడారులనడం అతిశయోక్తి కాదు. అక్కడి రైతు ఆకాశం వైపు చూడడు, కొండ మీది మంచు వైపు చూస్తాడు. అది కరిగి కాలువలో పడితేనే బార్లీ పండుతుంది. లద్దాఖ్ పల్లెలలో ఏ చేనికి ఎంతసేపు నీరు పారాలో నిర్ణయించడానికి ఛుర్‌పోన్ అనే నీటిపెద్దను ఎన్నుకుంటారు. మన చెరువుల కింద నీరటి చేసే పని అది. ఇంత దూరపు కొండలలో మన నీరటికి ఒక చుట్టం ఉన్నాడని తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతింత కాదు.

భాషోపాధ్యాయుణ్ణి కనుక పేర్ల గురించి కూడా ఒక మాట. లద్దాఖ్ అంటే కనుమల దేశం. స్పితి అంటే నడిమి నేల; భారత, టిబెట్ దేశాలకు నడుమ ఉన్నదని భావం. ఆ భాషలలో 'లా' అంటేనే కనుమ. అందువల్ల 'జోజిలా కనుమ' అని వ్రాయడం మనం 'నడిమధ్య' అనడం వంటిది. ఆ పొరపాటు ఈ వ్యాసంలో నేనూ చేయకుండా ఉంటానని హామీ ఇవ్వలేను.

ఇక అసలు విషయం. లేహ్ సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. స్పితికి ముఖ్యపట్టణమైన కాజా 3,600 మీటర్లు దాటి ఉన్నది. మన హైదరాబాదు ఎత్తు ఆరు వందల మీటర్లకు లోపు. లేహ్ వద్ద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. గాలి పీడనమే తగ్గి, సముద్రమట్టం వద్ద ఉండే దానిలో మూడింట రెండు వంతులకు దిగుతుంది. అంటే ప్రతి శ్వాసలోనూ మూడవ వంతు లోటు. ఈ లోటుకు శరీరం అలవాటు పడగలదు, కాని అందుకు దినాలు పడుతుంది. ఎంత బలవంతునికైనా ఈ నియమం నుంచి మినహాయింపు లేదు.

నేను ఈ సంగతి పుస్తకాలలో చదివి నేర్చుకోలేదు. 2022 మే నెలలో మన కళాశాల నుంచి ఇరవై నలుగురు విద్యార్థులను లద్దాఖ్‌కు తీసుకువెళ్లిన ఇద్దరు అధ్యాపకులలో నేనొకడిని. ఆరు రోజుల కార్యక్రమం. ఢిల్లీ నుంచి విమానంలో తెల్లవారేసరికి లేహ్‌లో దిగాము. మధ్యాహ్నానికి రాజప్రాసాదం, సాయంకాలానికి శాంతి స్తూపం. మరుసటి ఉదయమే ఖార్దుంగ్‌లా. ఆ కనుమ ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ చాలాకాలం నిలిచిన బోర్డు మాత్రం దానిని 5,602 మీటర్లుగా చూపి, ప్రపంచంలోనే అత్యున్నత మోటారు మార్గమని ప్రకటించేది. మా పిల్లలు ఆ అబద్ధపు బోర్డు ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. నేనూ తీయించుకున్నాను.

ఆ రాత్రి బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడికి దగ్గు మొదలైంది. వాడు కళాశాల ఫుట్‌బాల్ జట్టులో ముందు వరుస ఆటగాడు. మా అందరిలో దేహదారుఢ్యం గలవాడు. పొద్దున్నుంచే తలనొప్పిగా ఉన్నదట, నలుగురూ నవ్వుతారని చెప్పలేదు. అర్ధరాత్రి దాటేసరికి పడుకుంటే ఊపిరి ఆడక, లేచి కూర్చుని గోడకు ఆనుకున్నాడు. పెదవులు నీలిబారడం గదిలోని పలుచని వెలుతురులో కూడా నాకు కనిపించింది. ఆసుపత్రికి చేర్చేసరికి వైద్యుడు చెప్పిన మాట: ఊపిరితిత్తులలోకి నీరు చేరుతున్నది, ఇంకొన్ని గంటలు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం. ఆక్సిజన్ పెట్టి తెల్లవార్లూ కాపాడారు. కుదుటపడిన తరువాత నాతోబాటు ఢిల్లీకి దింపాము. వాడు ఇప్పుడు క్షేమంగా ఉన్నాడు, ఉద్యోగం చేసుకుంటున్నాడు.

ఆ కార్యక్రమాన్ని తయారు చేసింది ఒక యాత్రా ఏజెన్సీ. వారి మీద నేరం మోపి చేతులు దులుపుకోవచ్చు. కాని దానిని చదివి, బాగున్నదని సంతకం చేసింది నేను. ఆరు రోజులకు ఇంత తక్కువ ధరకు ఇన్ని స్థలాలు చూపుతున్నారని సంతోషించింది కూడా నేనే. కొన్ని రోజుల తరువాత ఆ విద్యార్థి తండ్రి కళాశాలకు వచ్చారు. వారు ఒక చిన్న సైకిలు దుకాణం నడుపుకునే మనిషి. గద్దిస్తారని, ఫిర్యాదు వ్రాస్తారని ఎదురుచూశాను. వారు కుర్చీలో కూడా కూర్చోలేదు. "మీరు వెంట ఉన్నారనే కదా సార్ పంపించాము" అన్నారు. అంతే. ఆ తరువాత సలాం చెప్పి వెళ్లిపోయారు. నేను చెప్పదలచిన రెండవ కారణం ఇది.

తరువాత చదివి తెలుసుకున్నాను. ఈ జబ్బు లోకానికి తెలియడంలో మన దేశపు అనుభవమే గొప్ప పాత్ర వహించింది. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల నుంచి ఎత్తైన సరిహద్దులకు హఠాత్తుగా చేర్చబడిన సైనికులు వందల సంఖ్యలో జబ్బుపడ్డారు. భారత సైన్య వైద్యులు 1,925 మంది సైనికుల విషయాన్ని పరిశీలించి 1969లో ప్రకటించిన వ్యాసం ప్రపంచ వైద్యగ్రంథాలలో నేటికీ ప్రస్తావనకు వస్తున్నది. వైద్యుల సలహా చాలా సాదా అయినది: మూడు వేల మీటర్లు దాటిన తరువాత ఏ రాత్రి పడక అయినా ముందటి రాత్రి పడక కంటే అయిదు వందల మీటర్లకు మించి ఎత్తుకు పోరాదు, మూడు నాలుగు రోజులకొకసారి ఎత్తు పెంచకుండా ఆగాలి, తలనొప్పి, వాంతి, ఆయాసం కనిపిస్తే పైకి పోవడం మానాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కామన్న దానికంటే రాత్రి ఎక్కడ పడుకున్నామన్నది ముఖ్యమని ఇందులోని మర్మం. మేము హైదరాబాదు మట్టం నుంచి ఒక్కరాత్రిలో 3,500 మీటర్ల మీదికి మంచం మార్చాము.

ఈ కొలబద్దతో చూస్తే 'లద్దాఖా, స్పితియా' అనే ప్రశ్న కాస్త రూపు మారుతుంది. ఏ ఊరికి పోవాలన్న దానికంటే ఏ ద్వారం గుండా పోవాలన్నది ముందు తేలవలసిన విషయమవుతుంది. లేహ్‌కు మూడు ద్వారాలున్నాయి. ఆకాశమార్గం ఒకటి, దాని సంగతి చెప్పాను. మనాలి నుంచి పోయే దారి రెండవది. అది నాలుగు వేల మీటర్లు దాటిన సర్చూ వంటి చోట్ల డేరాలలో రాత్రి గడిపిస్తుంది. అక్కడ తలపట్టుకుని కూర్చోనివాడు అదృష్టవంతుడు. మూడవది శ్రీనగర్ నుంచి కార్గిల్ మీదుగా పోయే పాత దారి. స్పితికి రెండు ద్వారాలు. మనాలి నుంచి కుంజుంలా దాటి ఒక్కరోజులో కాజాకు చేర్చేది ఒకటి. రెండు వేల మీటర్ల మనాలి నుంచి ఒకే పగటిలో 3,600 మీటర్ల పడకకు. సిమ్లా నుంచి సట్లెజ్ నది వెంట కిన్నౌర్ మీదుగా నెమ్మదిగా ఎక్కించేది రెండవది. సిమ్లా, కల్పా, తాబో, కాజా — మెట్లు మెట్లుగా ఉన్న మంచి దారి. కనుక రెండు సీమలకూ ఒక్కొక్క మంచి ద్వారం ఉన్నది. రెండు దారులూ నాలుగు వందల కిలోమీటర్లు దాటినవే. కాలం ఎక్కువ పడుతుంది, నడుములు నొస్తాయి. అయినా నా మటుకు నేను ఈ రెండింటిని తప్ప వేరే దారి ఉన్న పత్రం మీద సంతకం చేయను. ఈ విషయంలో విద్యార్థి సంఘం వారు ఎన్ని అర్జీలు పెట్టుకున్నా ప్రయోజనం లేదు.

ఇక రెండింటిలో ఏది? స్పితి పక్షం వారి వాదన తేలిక అయినది కాదు. నేను 2024 సెప్టెంబరులో ఇద్దరు మిత్రులతో కిన్నౌర్ దారిన అక్కడికి వెళ్లాను. స్పితి మొత్తం జనాభా 2011 లెక్కలలో పన్నెండు వేల పై చిల్లర. మన దగ్గర ఒక పెద్ద గ్రామపంచాయతీకి అంత ఉంటుంది. తాబో విహారాన్ని క్రీ.శ. 996లో కట్టారు. బయటి నుంచి చూస్తే మట్టిగోడలు, చదును కప్పు. మన పల్లెలోని పాత కొట్టమేమో అనిపిస్తుంది. లోపల అడుగుపెట్టిన తరువాత కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఏమీ కనిపించదు. తరువాత ఒక్కొక్క ముఖం గోడ మీద తేలుతుంది. వేయి సంవత్సరాల నాటి రంగులవి. లోపల ఫోటోలు తీయనివ్వరు. ఈ నిషేధాన్ని నేను మనసారా మెచ్చుకున్నాను. చూడడం తప్ప చేయడానికి మరో పని ఉండదు గనుక.

ఆ బౌద్ధంతో మనకు సంబంధం లేకపోలేదు. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు మొదట ఉపదేశించింది ధాన్యకటకంలోనని, అనగా మన అమరావతిలోనని, టిబెట్ బౌద్ధుల సంప్రదాయం చెబుతుంది. స్పితిలోని కీ విహారంలో 2000లో కాలచక్ర ఉత్సవం జరిపిన దలైలామా 2006 జనవరిలో అదే ఉత్సవాన్ని అమరావతిలో జరిపారు. లాంగ్జా గ్రామం పరిసరాలలో రాళ్ల నడుమ సముద్రజీవుల శిలాజాలు దొరుకుతాయి. నాలుగు వేల మీటర్ల పైన, ఒకప్పటి టెథిస్ సముద్రపు అడుగు. మన సైన్సు విద్యార్థులకు అంతకంటే మంచి పాఠం ఉండదు. (పిల్లలు వాటిని అమ్మకానికి తెస్తారు. కొనరాదు. కొన్నకొద్దీ తవ్వుతారు.)

అయితే స్పితికి ఉన్న గొప్పతనమే మనబోటి బృందానికి అడ్డంకి అవుతున్నది. మేము ముగ్గురం పోయాము గనుక ఒక ఇంట్లో పొయ్యి పక్కన చోటు దొరికింది. ఇరవై ఆరుమంది ఒక్కసారిగా నాలుగు వేల మీటర్ల ఎత్తున్న పల్లెలో దిగితే ఆ పల్లె నీళ్లేమి కావాలి? వేసవి సెలవులలో మనం పోయే నాటికి కుంజుంలా చాలా ఏళ్లు ఇంకా మంచుతో మూసుకునే ఉంటుంది. పోయిన దారినే తిరిగి రావాలి. అన్నిటికంటే ముఖ్యం, ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే కాజాలో విమానాశ్రయం లేదు. కిందికి దిగడమంటే కొండ అంచు దారిన గంటలకు గంటలు బండిలో పోవడమే. 2022 నాటి రాత్రిని చూసినవాడిని, ఈ ఒక్క సంగతిని తేలికగా తీసుకోలేను.

లద్దాఖ్ పక్షం వారు నన్ను తమ వాడినని సంబరపడే ముందు వారితో కూడా నాకు పేచీ ఉన్నది. లద్దాఖ్ ఎందుకని అడిగితే పదిమందిలో ఎనిమిది మంది పాంగాంగ్ సరస్సు అన్నారు. 2009లో వచ్చిన 'త్రీ ఇడియట్స్' చిత్రం చివరి దృశ్యం ఆ సరస్సు ఒడ్డున తీశారు. నాటి నుంచి అక్కడ జనం తిరునాళ్లకు వచ్చినట్లు వస్తున్నారు. దాని ఒడ్డు నాలుగు వేల రెండు వందల మీటర్ల పైన ఉన్నది. లేహ్‌లో రెండు రాత్రులు గడిపి అక్కడ మూడవ రాత్రి బస చేయడం పైన చెప్పిన నియమానికి విరుద్ధం. కార్యక్రమం నుంచి దానిని కొట్టివేశాను. తిట్టుకునేవారు తిట్టుకోవచ్చు.

లేహ్ సంగతి కూడా ఆలోచించవలసి ఉన్నది. 2011 లెక్కలలో మొత్తం లద్దాఖ్ జనాభా రెండు లక్షల డెబ్భై నాలుగు వేలు. 2022లో వచ్చిన యాత్రికులు అయిదు లక్షలు దాటారు. చుక్క నీరు వాడని ఎండు మరుగుదొడ్లతో తరతరాలు బతికిన ఊరు, ఇప్పుడు హోటళ్ల కోసం బోర్లు వేసి భూగర్భజలాన్ని తోడుకుంటున్నది. బోర్లు ఎండిన ఊళ్లనుంచి వచ్చిన మనకు ఈ కథ విడమరచి చెప్పనక్కర లేదు. అదే చోట వసంతకాలపు నీటి ఎద్దడి తీర్చడానికి ఛెవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజనీరు కృత్రిమ హిమానీనదాలు నిర్మించారు. 2015లో పద్మశ్రీ అందుకున్నారు. సోనం వాంగ్‌చుక్ ఆ తరువాత శీతకాలపు వాగు నీటిని పైపు ద్వారా పైకి చిమ్మించి, గోపురంలా గడ్డకట్టించి, మంచు స్తూపాలను నిలబెట్టారు. బకెట్టు నీటితో స్నానం ముగించగలవారు మాత్రమే నాతో రావాలని ఇప్పుడే మనవి చేస్తున్నాను.

ఇన్ని చెప్పి కూడా నా ఓటు లద్దాఖ్‌కే వేస్తున్నాను. కారణం సరస్సు కాదు, కనుమ కాదు, కార్గిల్ దారి. ఆ దారి శరీరానికి మంచిదని చెప్పాను. శ్రీనగర్ 1,600 మీటర్లు, సోనామార్గ్ 2,700 మీటర్లు, జోజిలా దాటి ద్రాస్ మీదుగా దిగితే కార్గిల్ మళ్లీ 2,700 మీటర్లే. అక్కడ రెండు రాత్రులు. తరువాత సింధునది పక్కన ఆల్చి, 3,100 మీటర్లు. ఆ మీదట లేహ్. ప్రకృతి ఎవరో వైద్యుని సలహా అడిగి అమర్చినట్లున్నది. 2025 జనవరిలో సోనామార్గ్ సొరంగం ప్రారంభమైంది. అదే సంవత్సరం జూన్ 6న కట్రా నుంచి శ్రీనగర్‌కు రైలు నడవడంతో విమానం లేకుండా శ్రీనగర్ చేరడం కూడా సులభమైంది.

కాని దారి శరీరానికి మాత్రమే మంచిదైతే ఇంత వ్రాయనక్కరలేదు. ఒకప్పుడు శ్రీనగర్ నుంచి లేహ్ మీదుగా మధ్య ఆసియాలోని యార్కండ్ దాకా బేరగాళ్ల కాఫిలాలు నడిచిన బాట అది. కార్గిల్ బజారులో మున్షీ అజీజ్ భట్ అనే వర్తకుని వంశీకులు ఆ నాటి సరుకులతో ఒక మ్యూజియం నడుపుతున్నారు. గుర్రపు జీనులు, తివాచీలు, పట్టు బట్టలు, తెల్ల దేశాల బొత్తాములు, సబ్బు డబ్బాలు, ఉర్దూలోనూ పారసీకంలోనూ వ్రాసిన ఉత్తరాలు. మన కళాశాలలో ఉర్దూ చదివే పిల్లలు ఆ ఉత్తరాల ముందు నిలబడి అక్షరం కూడబలుక్కుని చదివితే చాలు, యాత్ర ఖర్చు గిట్టినట్లేనని నా విశ్వాసం. అక్కడ ముంగిళ్లలో ఎండబోసిన ఖుబానీ పండ్లు ఉంటాయి. హైదరాబాదు పెళ్లివిందులో ఖుబానీ కా మీఠా రెండుసార్లు వడ్డించుకునే మనవాళ్లలో ఎందరు ఖుబానీ చెట్టును చూశారు?

కార్గిల్ జిల్లాలో ఎక్కువమంది ముస్లింలు, లేహ్ జిల్లాలో ఎక్కువమంది బౌద్ధులు. దారిలో ముల్బెఖ్ దగ్గర కొండరాతిలో చెక్కిన మైత్రేయ బుద్ధుని మహావిగ్రహం ఒకటి బాట పక్కనే నిలిచి ఉంటుంది. అక్కడి నుంచి ఒక్కొక్క ఊరికీ మసీదు గుమ్మటాలు తగ్గుతూ, స్తూపాలు పెరుగుతూ పోతాయి. లేహ్‌కు చేరితే తొమ్మిది అంతస్తుల రాజప్రాసాదం కింద, బజారు మొగలో పదిహేడవ శతాబ్దపు జామా మసీదు. ఆ ప్రాసాదాన్ని కట్టించినది సెంగే నాంగ్యాల్ రాజు. హెమిస్ విహారానికి పోషకుడు కూడా ఆయనే. ఆయన తల్లి గ్యాల్ ఖాతూన్ స్కర్దూ పాలకుని కుమార్తె, ముస్లిం రాకుమారి. ఆమె తండ్రి చేతిలో ఓడి బందీ అయిన లద్దాఖ్ రాజు ఆమెను వివాహమాడి రాజ్యానికి తిరిగి వచ్చాడు. లేహ్ నుంచి మూడేళ్లకొకసారి లాసాకు, దలైలామా కొలువుకు కానుకలు మోసుకుపోయే లోప్‌చక్ అనే రాయబార బృందానికి నాయకత్వం వహించిన వారిలో లేహ్ ముస్లిం వర్తక కుటుంబాలవారు ఉన్నారు. చరిత్ర పాఠంలో ఈ వాక్యం చెబితే మా విద్యార్థులు నమ్మరు. ఆ బజారులో నిలబెట్టి చెప్పాలి.

2020 జూన్‌లో చైనా సైనికులతో ఘర్షణ జరిగి మన సైనికులు ఇరవైమంది ప్రాణాలర్పించినప్పుడు గల్వాన్ పేరు దేశమంతటా మారుమోగింది. ఆ నదికి ఆ పేరు లేహ్ వాసి గులాం రసూల్ గల్వాన్ వల్ల వచ్చింది. పేదింటి పిల్లవాడు, చిన్ననాటనే దొరల యాత్రలకు కూలివాడుగా, గుర్రాలవాడుగా పోయి, చివరకు కాఫిలా నాయకుడయ్యాడు. దారిలో నేర్చిన వచ్చీరాని ఇంగ్లీషులోనే తన జీవితకథ వ్రాసుకున్నాడు; అది 1923లో ఇంగ్లాండులో అచ్చయింది. ఇంగ్లీషు రాదని తరగతిలో చివరి బల్ల మీద తలవంచుకు కూర్చునే మన పిల్లలకు ఆయన్ని పరిచయం చేయాలని నాకు చాలాకాలంగా ఉన్నది.

అంతా పాలూ తేనే అని భ్రమింపజేయడం నా ఉద్దేశం కాదు. 1989లో లేహ్‌లో బౌద్ధులకు, ముస్లింలకు మధ్య కలహం రేగి, మూడు సంవత్సరాల పాటు సాంఘిక బహిష్కారం సాగింది. ఒకే ఇంట్లో రెండు మతాల అన్నదమ్ములున్న కుటుంబాలు కూడా నలిగిపోయాయి. 2019 అక్టోబరు 31న లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతమైన తరువాత, భూమి, ఉద్యోగాల రక్షణ కోసం లేహ్ వారూ కార్గిల్ వారూ ఒక్కటై కోరికలు కోరసాగారు. 2025 సెప్టెంబరు 24న లేహ్‌లో ఆ ఉద్యమం హింసాత్మకమై నలుగురు మరణించారు. మనం పోయి చూసేది బొమ్మల కొలువును కాదు. మనుషులు బతుకుతూ, పోట్లాడుకుంటూ, కలుస్తూ ఉన్న ఊరిని.

ఇక తల్లిదండ్రుల మాట. శ్రీనగర్ అనగానే వారి ముఖాలు ఎలా మారాయో చూశాను. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో ఇరవై ఆరుగురు నిరపరాధులు హతులైన సంగతి ఎవరూ మరువలేదు, మరువరాదు. విద్యార్థినుల తల్లులు ముగ్గురు నన్ను ఇంటికి పిలిపించి అడిగారు. వారిని పిరికివారని హేళన చేసే విద్యార్థి నాయకులను నేను సమర్థించను. 2022లో నాకు లేని జాగ్రత్త వారికి ఇప్పుడున్నది. అది తప్పెలా అవుతుంది? అధికారుల సూచనలు అనుకూలంగా లేకపోయినా, నాలుగింట మూడు వంతుల తల్లిదండ్రులు సమ్మతించకపోయినా, బృందాన్ని పన్నెండుమందికి తగ్గించి కిన్నౌర్ దారిన తాబో దాకా పోయి, కాజాలో రెండు రాత్రులుండి వద్దాము. అదీ తక్కువ యాత్ర కాదు. స్పితి పక్షం వారు అప్పుడు నన్ను ఎగతాళి చేయవచ్చు, పడతాను.

ఒక మిత్రుడు అధ్యాపకుల గదిలో అన్నాడు: "పన్నెండు రోజులలో చూసేది ఇంతేనా? అదే డబ్బుకు ఏజెన్సీ వాళ్లు పద్ధెనిమిది స్థలాలు చూపిస్తామంటున్నారు." నిజమే. వారి పత్రం నా బల్ల మీదనే ఉన్నది. రంగుల కాగితం, మొదటి పేజీ మీద ఖార్దుంగ్‌లా బోర్డు. దాని వెనుకవైపు తెల్లగా ఉంటే అక్కడే పెన్సిలుతో మన కార్యక్రమం వ్రాసుకున్నాను. శ్రీనగర్ ఒక రాత్రి, సోనామార్గ్ ఒకటి, కార్గిల్ రెండు, ఆల్చి ఒకటి, లేహ్ మూడు. లేహ్‌లో మొదటి రోజు ఎదుట ఏమీ వ్రాయలేదు. ఆ గడిని ఎవరైనా నింపబోతే ఒప్పుకోను. తలనొప్పి వచ్చినవారు మొదట నాకు చెప్పాలి. నవ్వినవారు మరుసటి బండిలో వెనక్కు. పాదరక్షలు, ఉన్ని బట్టలు, నీటి సీసా జాబితా నోటీసు బోర్డు మీద పెడతాము.

ఫుట్‌బాల్ ఆడిన ఆ పాత విద్యార్థికి ఈ సంగతి తెలిసి మొన్న ఫోను చేశాడు. తనకు సెలవు దొరికితే స్వంత ఖర్చుతో వస్తానన్నాడు. ముందు నాన్నగారిని అడగమన్నాను.